పన్నెండు తెడ్లు

వేసవిలో అరవై ఒక్క రోజులు మా సముద్రానికి సెలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా సర్కారు వేట ఆపేస్తుంది. గుల్లపాళెం పడవలన్నీ ఇసుక మీద వరసగా పడుకుంటాయి. వాటి ఇంజన్లు మాత్రం రిపేరుకు నా షెడ్డుకు వస్తాయి. ఇంజన్ల వెంట యజమానులు వస్తారు, యజమానుల వెంట పనిలేని చుట్టాలు వస్తారు. మధ్యాహ్నం గాలి తిరిగి, సముద్రం మీది చల్లదనం రోడ్డు దాకా వచ్చే వేళకు నా షెడ్డులో పదిహేను మందికి తక్కువ ఉండరు. అందులో పనిచేసేవాణ్ణి నేనొక్కణ్ణే.

నా పేరు హెబ్రోను. ఇరవై ఏళ్ళు వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టరుగా చేసి వచ్చాను. ఎన్ని విమానాల కడుపులో చేతులు పెట్టానో నాకే గుర్తులేదు గానీ, ఒక్కదాంట్లోనూ ముందు సీట్లో కూర్చుని ఎగిరింది లేదు. నేను బాగుచేసింది వేరొకరు ఎగరేసేవాళ్ళు. నేను కింద నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాణ్ణి. ఆ కోరిక అట్లాగే ఉండిపోయింది. ఇంటికొచ్చాక ఒక కంప్యూటరు, ఒక జాయ్‌స్టిక్కు, కాళ్ళతో తొక్కే పెడళ్ళు కొనుక్కుని, పాత యుద్ధ విమానాలు నడిపే సిమ్యులేటర్ షెడ్డులోనే ఒక మూల పెట్టుకున్నాను. మా ఆవిడ ఏంజెలిన్ దాన్ని ఆట అంటుంది. నేను కాదంటాను. ఈ ఒక్క విషయంలో మా ఇంట్లో ఇంతవరకు రాజీ కుదరలేదు.

ఎనభై ఏళ్ళ కిందటి విమానాలంటే నాకు ప్రాణం. పుస్తకాల్లో వాటి వేగాలూ ఎత్తులూ పెళ్ళి సంబంధానికి రాసిన కాగితంలా ఉంటాయి. స్పిట్‌ఫైర్ వేగం ఇంత, హరికేన్ వేగం అంతకన్నా తక్కువ అని చదువుకుని, అంతా తెలిసిపోయిందనుకుంటాం. కాపురం చేస్తే గానీ అసలు గుణం బయటపడదు. సిమ్యులేటర్లో కూర్చున్నాకే నాకు తెలిసింది, ఎండాకాలపు పల్చటి గాలిలో విమానం లేవడానికి ఎంత నేల కావాలో. ముక్కు ఉన్నట్టుండి కిందికి తోస్తే పాతకాలపు ఇంజన్ ఎట్లా దగ్గి ఒక్క క్షణం ఊపిరి బిగపడుతుందో తెలిసింది. వేగం మీద పిడి చేతిలో ఎంత బిగుసుకుపోతుందో, కాగితం మీద వెనకబడ్డ హరికేన్ తన లావుపాటి రెక్కలతో మలుపులో ఎంత నమ్మకంగా నిలబడుతుందో కూడా అక్కడే తెలిసింది. షట్టరు సగం దించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మబ్బుల మీద పోతుంటే కింద నీళ్ళు, పైన ఎండ. నేనున్నది ఇందుకూరుపేట మండలమన్న సంగతి నాకు గుర్తుండేది కాదు.

పక్కింటి కామమ్మకు ఎనభై ఒకటి. వేసవిలో మా షెడ్డు గడప దగ్గర కూర్చుని వలలు బాగుచేస్తుంది. ఏంజెలిన్‌కు ఆపరేషన్ అయినప్పుడు నెల్లాళ్ళు మా పొయ్యి వెలిగించింది ఆమే. నన్ను ‘అబ్బయ్యా’ అంటుంది, నేను ‘అత్తా’ అంటాను. ఆమె ఇంటికొక మచ్చ ఉంది. అది ఆమె పుట్టకముందే పడింది.

వేట మొదలయ్యే రోజు గుల్లపాళెం వాళ్ళు గంగమ్మ ముందు అన్నం రాశిగా కుంభం పోసి, పసుపు రాసిన తెడ్డుతో మొదటి పడవలోంచి నీళ్ళు తాకుతారు. దాన్ని తొలి తెడ్డు అంటారు. ఒకప్పుడు ఆ మర్యాద కామమ్మ తండ్రి మునెయ్యది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, కామమ్మ తల్లి కడుపులో ఉండగా, ఒడ్డుకు మూడు మైళ్ళ దూరాన, మునెయ్య తెప్పకు దగ్గరలో ఒక యుద్ధ విమానం సముద్రంలో దిగి మునిగిపోయింది. అందులోని దొర చనిపోయాడు. ‘నేను పన్నెండు తెడ్లు వేసేలోపల అది మునిగిపోయింది’ అని మునెయ్య చెప్పాడు. ఊరు నమ్మలేదు. చాలా వెనక ఇంకో తెప్ప మీదున్న మనిషి, విమానం చప్పుడు లేకుండా కొంగ వాలినట్టు వాలిందని చెప్పాడు. అంత మెల్లగా వాలింది కాసేపైనా తేలదా, మునెయ్య భయపడి దూరంగా నిలబడి చూశాడు అని పెద్దలు తేల్చేశారు. మునిగేవాణ్ణి చూసి తెడ్డు ఆపినవాడి ఇంటి నుంచి తొలి తెడ్డు పడకూడదని దురాయి వేశారు. దురాయంటే ఊరి కట్టుబాటు. కోర్టు తీర్పు మీద అప్పీలుంటుంది గానీ దానికి లేదు. మర్యాద ఆ రెండో తెప్ప మనిషి ఇంటికి పోయింది. ఆయన మనవడే ఇప్పుడు ఊరి పెద్ద గంగాధరం.

ఈ ఏడు వేసవిలో కామమ్మ ధైర్యం చేసింది. పెద్దల దగ్గరకు పోయి, తాను పోయేలోపల ఆ తెడ్డు ఒక్కసారి తన ఇంటివాళ్ళ చేతిలో చూడాలని అడిగింది. వేట మొదలయ్యేలోపల మాట్లాడదాంలే అన్నాడు గంగాధరం. ఆ మాట పట్టుకుని ఆమె రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది. అంతా తెలిసి కూడా నేను చేసిన పని చెబుతాను.

మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం గంగాధరం తన పడవ ఇంజన్ కోసం వచ్చి, నా స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను స్పిట్‌ఫైర్‌లో తెల్లటి మబ్బు చుట్టూ తిరుగుతున్నాను.

“ఇంజను నిలిచిపోతే దబ్బున పడిపోద్దా అది?” అని అడిగాడు.

“పడదన్నా. జారుకుంటా పోద్ది. చూడు,” అని ఇంజన్ ఆపేశాను.

హోరు ఆగిపోయింది. షెడ్డులో అందరూ దగ్గరకు జరిగారు. గడప దగ్గర కామమ్మ చేతిలో దారం ఆగింది. ఐదు వేల అడుగుల ఎత్తు నుంచి నా స్పిట్‌ఫైర్ మెత్తగా జారుతూ, మైళ్ళకు మైళ్ళు నీళ్ళు దాటి, ఒడ్డు చేరి, ఇసుక మీద పొట్టతో ఆనుకుని ఆగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను కుర్చీలో కాస్త వెనక్కి వాలానని ఒప్పుకోవాలి.

గంగాధరం గెడ్డం నిమురుకున్నాడు. “అయితే ఆ దొర గూడా ఒడ్డుకు రావాల గదా. నడి సముద్రంలో మునెయ్య కాడ ఎందుకు దిగినట్టు? ఆ కతలో ఏందో తేడా ఉండాదని మా తాత ఊరికే అన్లేదు.”

కామమ్మ నన్నే చూస్తోంది. “అబ్బయ్యా, మా నాయన అబద్ధం చెప్పినాడంటావా?”

తెలియదత్తా అంటే సరిపోయేది. ఇరవై ఏళ్ళు యూనిఫాం వేసుకున్నవాడికి ఆ మాట అంత తొందరగా నోటికి రాదు.

“లెక్క ప్రకారం చూస్తే అట్టనే ఉండాదత్తా,” అన్నాను.

ఆమె వల చుట్టుకుని, చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. గంగాధరం కూడా లేచాడు. “ఇంక మాట్లాడేదానికి ఏముండాది,” అన్నాడు పోతూ పోతూ. ఆ మాటతో ఆమె అడిగినదానికి సమాధానం వచ్చేసింది. ఆ సమాధానం నా చేత్తో నేనే ఇప్పించాను.

మర్నాడు గడప ఖాళీ. ఆ మర్నాడూ అంతే. మూడోరోజు అన్నం వడ్డిస్తూ ఏంజెలిన్ అడిగింది.

“ఆ రోజు విమానం ఎంత ఎత్తులో వచ్చిందో అడిగినారా?”

“ఎవర్ని?”

“కామమ్మత్తని. ఆమె నాయన చెప్పుంటాడు గదా. ఇంజను రిపేరుకొస్తే పది ప్రశ్నలడుగుతారే మీరు. ఏం చప్పుడొస్తా ఉండాది, ఎప్పట్నుంచి, పొగ ఏ రంగు అని ప్రాణం తీస్తారు. ఎనభై ఏళ్ళుగా మోస్తా ఉండే మాటకి ఒక్క ప్రశ్న లేదు. లెక్కంట, లెక్క.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఐదు వేల అడుగులన్నది నేను పెట్టుకున్న ఎత్తు. స్పిట్‌ఫైర్ నాకు ముద్దొచ్చే విమానం. ఆ రెండూ మునెయ్య చూసినవని నాకెవరూ చెప్పలేదు.

సాయంత్రం పోయాను. కామమ్మ వాకిట్లో గోనెపట్టా మీద ఎండుచేపలు తిరగేస్తోంది. పక్కన ఆమె మనవడు మధుబాబు తాడు పేనుకుంటూ, నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నాకు కోపం రాలేదు. రాకూడదు కూడా.

“తప్పయిందత్తా. అడక్కుండానే చెప్పేసినా. ఇప్పుడు అడగతా, చెప్తావా?”

ఆమె చేప తిరగేసి, ఇంకో చేప తిరగేసి, అప్పుడు చూసింది. “నిన్ను కొడుకనుకున్నా గాబట్టి బాధ. పరాయోడైతే ఎప్పుడో మర్చిపోదును. అడుగు.”

“ఎంత ఎత్తులో వచ్చింది?”

“తాటిచెట్టు మీద తాటిచెట్టు పెట్టుకుంటా పోతే ఎనిమిది చెట్లు. మా నాయన ప్రతి ఏడూ అదే చెప్పేవాడు. ఏడనలా, తొమ్మిదనలా.”

ఎనిమిది తాటిచెట్లంటే ఆరేడు వందల అడుగులు.

“ఎట్టా ఉండింది చూసేదానికి?”

“వీపు గూని. కడుపు కింద గంప కట్టినట్టు ఏందో ఉండింది. ముక్కు కాడ రెక్కలు ఊరికే తిరగతా ఉండాయి గానీ చప్పుడు లేదు. గాలి ఈల ఒకటే. తెప్ప పక్కగా పోయి, మళ్ళీ వంగి తెప్ప తట్టే తిరిగినాడంట. పైన అద్దం వెనక్కి తోసినాడంట. ‘నా కాడికే వచ్చినాడు మే, నన్ను చూసే వచ్చినాడు’ అని మా అమ్మతో చెప్పి ఏడ్సేవాడు. ఆ మాట ఊళ్ళో ఒక్కడు నమ్మలేదు.” ఆమె చెయ్యి చేపల మీద ఆగింది. “నీళ్ళు తాకగానే తలకిందులయిపోయిందంట. పన్నెండు తెడ్లేసి తలెత్తితే నురగ తప్ప ఏం లేదంట.”

గూని వీపు, కడుపు కింద గంప. స్పిట్‌ఫైర్‌కు రేడియేటర్లు రెక్కల కింద ఉంటాయి. కడుపు కింద గంపలాంటి రేడియేటర్, గూని వీపు హరికేన్‌వి. చదువురాని మునెయ్య అచ్చం హరికేన్‌ను చూసినట్టు చెప్పాడు. ఎనభై ఏళ్ళుగా ఆ వివరం ఎండుచేపలు తిరగేసే ఈ చేతుల్లో భద్రంగా ఉంది.

ఆ తర్వాతి పదకొండు రోజులు నాకిప్పుడు కలలాగే గుర్తున్నాయి. పొద్దున ఇంజన్లు విప్పడం, మధ్యాహ్నం ఎగరడం. సిమ్యులేటర్లో మా తీరం లేదు. ఇంగ్లండు పక్కనుండే సముద్రం తీసుకున్నాను. ఎండ మా మే నెల ఎండంత పెట్టాను. హరికేన్ తీసుకుని, ఒడ్డుకు మూడు మైళ్ళ దూరాన, నీళ్ళ మీద ఒక చిన్న పడవ ఉంచాను. ఆరు వందల యాభై అడుగుల ఎత్తులో ఇంజన్ ఆపేశాను.

గాలి ఈల మొదలైంది. మునెయ్య విన్నది అదే. స్పిట్‌ఫైర్‌తో ఆ రోజు నేను ఆలోచించకుండానే ఒక లివరు వెనక్కి లాగి ఉంటాను. అది లాగితే ముక్కు దగ్గరి రెక్కలు గాలిని కోసుకుంటూ తిరుగుతాయి, జారుడు పెరుగుతుంది. లాగకపోతే అవి గాలికి చాట అడ్డం పెట్టినట్టు విమానాన్ని పట్టి ఆపేస్తాయి. ఇప్పుడు లాగి చూశాను, లాగకుండా చూశాను. ఆ ఎత్తు నుంచి ఎంత ముద్దు చేసినా హరికేన్ మైలు దాటి పోలేదు. ఒడ్డు కనపడుతూనే ఉంటుంది. ఇసుక కనపడుతుంది, చెట్లు కనపడతాయి. నేను ఒడ్డు వైపు తిప్పుతాను. నీళ్ళు మెల్లగా పైకి వస్తాయి. అంతే.

ముప్పయ్యోసారో నలభయ్యోసారో నాకు ఒడ్డు మీద ఆశ పోయింది. ఎండ నీళ్ళ మీద పరుచుకుని ఉంది. గాలి ఈల వేస్తోంది. కిందెక్కడో ఆ పడవ, నేనే పెట్టిన పడవ, నల్లటి చుక్కలా ఉంది. నేను ఏమీ అనుకోలేదు. నా చేతులే పిడిని దాని వైపు వంచాయి. ఇంత సముద్రంలో మనిషన్నవాడు ఉన్నది అక్కడొక్కచోటే. దాని పక్కగా పోయి, సరిపోక, మళ్ళీ వంగి, దాని వైపే తిరిగాను. చెయ్యి దానంతటదే అద్దం వెనక్కి తోసే మీట నొక్కింది. నీళ్ళు తగిలి స్క్రీన్ నల్లబడ్డాక, నేనెంతసేపు అట్లా కూర్చున్నానో తెలియదు. ఏంజెలిన్ వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, నా మొహం తడిసి ఉందని అప్పుడు తెలిసింది.

“ఏమయింది?”

“మునెయ్యని చూసే వచ్చినాడు,” అన్నాను.

ఆమె మరి ఆట అనలేదు. పోయి కామమ్మను పిలుచుకొచ్చింది.

కామమ్మ కుర్చీలో కూర్చుంటే కాళ్ళు పెడళ్ళకు అందలేదు. పెడళ్ళు నేను చేత్తో పట్టుకుని నేల మీద కూర్చున్నాను. హెడ్‌ఫోన్లు కొప్పు మీద నిలవకపోతే ఏంజెలిన్ పట్టుకుంది. ఎనిమిది తాటిచెట్ల ఎత్తు. ఇంజన్ ఆపేశాను. కామమ్మ పిడి పట్టుకున్న తీరు చూస్తే ఆశ్చర్యమేసింది. అదిలించదు, లాగదు. అల మీద తెప్పను పట్టినట్టు రెండు వేళ్ళతో ఆనించి పట్టుకుంది.

“ఈల వినపడతా ఉండాది,” అంది.

“ఒడ్డు చూడత్తా. పోగలవేమో చూడు.”

కాసేపు చూసింది. నీళ్ళ మీద బతికిన మనిషికి ఎత్తూ దూరమూ ఒకరు చెప్పాల్సిన పనిలేదు. “పోలేను,” అంది. తర్వాత చాలా మెల్లగా, “అద్దో, తెప్ప.” పిడి అటు వంగింది. నేను పెడల్ కొంచెం తోశాను. పడవ దగ్గరకొచ్చింది, పెద్దదయింది. కామమ్మ పెదవులు కదులుతున్నాయి. నీళ్ళు తగలగానే పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. “ఒకటి, రెండు, మూడు...” ఐదు దగ్గర స్క్రీన్ నల్లబడింది. ఆమె ఆపలేదు. పన్నెండు దాకా లెక్కపెట్టింది.

“ఆ దొరకి ఎంత వయసుంటాది అబ్బయ్యా?”

“ఇరవై, ఇరవై రెండు. అప్పుడందరూ అంతే.”

“పసిబిడ్డ,” అంది. “మా నాయన కాడికే వచ్చినాడు.” హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి నాయనా నాయనా అని ఏడ్చింది.

గడప మీదికి కామమ్మ తిరిగొచ్చింది. ఆమె కుర్చీలో కూర్చున్నదన్న సంగతి ఊరంతా పాకింది. పనిలేని ఊళ్ళో మాట పాకడానికి పూట చాలు. మరునాటి మధ్యాహ్నం మధుబాబు వచ్చి, “అన్నా, నేను ఒడ్డుకు తెస్తా చూడు,” అని కూర్చున్నాడు. మునిగాడు. పక్కవాడు నవ్వి, వాణ్ణి లేపి తాను కూర్చున్నాడు. వాడూ మునిగాడు. ఇక చూడండి. రోజుకు ఇరవై మంది. తుపానులో పడవ నడిపి తెచ్చినవాళ్ళు, చీకట్లో ఏటి మొగ దాటినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ కుర్చీలో కూర్చుని, మీసం మెలేసి, మునిగిపోయి లేచారు. మొదట్లో నవ్వులు, పందేలు. వారానికి నవ్వులు తగ్గాయి. ఎవరికీ ఎవరూ చెప్పలేదు గానీ, చివరికి ప్రతివాడూ ఒడ్డు వదిలేసి పడవ వైపు తిప్పేవాడు. లేచేటప్పుడు కామమ్మ వైపు చూడకుండా బయటికి పోయేవాడు.

జూన్ మొదటి వారంలో ఒకనాడు తెల్లవారగానే గంగాధరం వచ్చాడు, ఒక్కడే. నేను షట్టరు ఎత్తుతున్నాను.

“నాకూ ఒకసారి పెట్టు.”

పెట్టాను. ఆయన ఎన్నిసార్లు ఎగిరాడో లెక్కపెట్టలేదు. నేను రెండు కార్బురేటర్లు కడగడం అయింది. ఏంజెలిన్ టీ ఇచ్చింది, అది చల్లారింది. కడపటిసారి స్క్రీన్ నల్లబడ్డాక ఆయన పిడి వదిలి చేతులు తుడుచుకున్నాడు.

“రాదబ్బయ్యా. ఒడ్డుకు రాదు.”

నిజం దాచకూడదనిపించింది. “అన్నా, ఇదే రుజువని నేను చెప్పను. గాల్లో విమానం ఎట్టా పోద్దో ఇది బాగానే చెప్తాది. నీళ్ళ సంగతి దీనికి తెలీదు. ఇందులో నీళ్ళు గచ్చులాంటివే. నీళ్ళలో దిగితే హరికేన్ బోర్లా పడేదని పాత పైలట్లు చెప్పుకున్నట్టు చదివినా. ఎంతసేపట్లో మునిగిందో మాత్రం నేను చెప్పలేను.”

గంగాధరం స్క్రీన్ మీద విమానం బొమ్మ కడుపు వైపు చూపించాడు. “ఈ గంప నోరు ముందుకే గదా ఉండాది?”

“అవును. గాలి పోయేదానికి.”

“నోరు తెరుచుకున్న గంప కడుపుకి కట్టుకొని, ఆ వేగంతో నీళ్ళలో పడితే ఏమయిద్దో నీ కంప్యూటరు నాకు చెప్పాల్నా? గంప నీళ్ళు పట్టుద్ది. ముక్కు కిందికి పోద్ది. తోక లేస్తాది. ఈ ఊళ్ళో ఏ ఆడమనిషినడిగినా చెప్తాది.” స్క్రీన్ మీంచి వేలు తీశాడు. “అప్పట్లో ఎవరూ ఆ గంప మాట పట్టించుకోలా. మా తాత గూడా అబద్ధం చెప్పలేదబ్బయ్యా. దూరం నుంచి కొంగ వాలినట్టే కనపడుద్ది. దూరంగా ఉండినోడి మాట విని, దగ్గరుండినోడికి శిక్షేసినారు.”

ఆయన లేచి గడప దాకా పోయి ఆగాడు. కామమ్మ ఇంకా రాలేదు. ఆమె కూర్చునే చోటును కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

జూన్ పదిహేను తెల్లవారింది. పడవలన్నీ నీటి అంచున నిలబెట్టారు. గంగమ్మకు కుంభం పోశారు. ఆ వేళ నేనూ ఏంజెలిన్ ఎప్పట్లాగే కాస్త ఎడంగా నిలబడ్డాం. మేం చర్చికి పోయేవాళ్ళం; మా సంగతి వాళ్ళకు తెలుసు, వాళ్ళ సంగతి మాకు తెలుసు. గంగాధరం పసుపు రాసిన తెడ్డు రెండు చేతుల్తో పట్టుకుని వచ్చి మధుబాబు ముందు ఆగాడు. చేతులు చాచాడు. మధుబాబు దాన్ని తాకి, వెనక్కి తిరిగి, “మా అవ్వకీయన్నా,” అన్నాడు.

ఆ రోజు ఆడవాళ్ళు పడవెక్కే ఆచారం లేదు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. గంగాధరమే కామమ్మ చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించాడు. “ఇంజన్ చూసేవాడు ఉండాల,” అని నన్ను కూడా లాగారు. ఆమె తెడ్డుతో నీళ్ళు తాకింది. ఒడ్డున ఆడవాళ్ళు కేకలు వేశారు. అంతటితో మర్యాద తీరిపోయింది. మధుబాబు ఇంజన్ తిప్పాడు, వెనక ఇరవై నాలుగు పడవలు హోరెత్తాయి.

మా చర్చి శిఖరం, ఐస్ ఫ్యాక్టరీ నీళ్ళ ట్యాంకు ఒకదాని వెనక ఒకటి కనపడే చోటు ఒడ్డుకు మూడు మైళ్ళ దూరాన ఒకటుంది. అడుగున ఏదో పట్టి అక్కడ వలలు చిరుగుతాయని అందరూ తప్పుకుని పోతారు. ఆ పొద్దు మధుబాబు తప్పుకోలేదు. అక్కడికి దగ్గరగా రాగానే ఇంజన్ ఆపేశాడు. పక్క పడవలో గంగాధరం అది చూసి తనదీ ఆపాడు. తర్వాత ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇరవై ఐదు ఇంజన్లు నిలిచిపోయాక సముద్రం మీద గాలి ఈల ఒక్కటే మిగిలింది.

కామమ్మ పడవ అంచున కూర్చుని తెడ్డు నీళ్ళలో వేసింది. ఎనభై ఒక్క ఏళ్ళ చేతులు. పడవ కదిలిందో లేదో తెలియదు. “ఒకటి,” అంది. రెండు, మూడు అంటూ పోయింది. మధుబాబు సాయం పట్టబోతే మోచేత్తో తోసేసింది. తొమ్మిది దగ్గర ఊపిరి అందక ఆగి, మళ్ళీ వేసింది. పన్నెండు అని, తెడ్డు నీళ్ళ మీద ఆపి, ముందుకు చూసింది. అక్కడ ఏమీ లేదు. ఎండ పడ్డ నీళ్ళున్నాయి.

అప్పుడు ఇంకొక్కసారి తెడ్డు వేసింది.

“పదమూడు,” అంది. వంగి, అరచెయ్యి నీళ్ళలో పెట్టి, నన్ను పిలిచే పిలుపుతోనే, “వచ్చేసినాం అబ్బయ్యా,” అంది ఆ నీళ్ళతో.

ఆమె తెడ్డు తీసి ఒళ్ళో పెట్టుకునేదాకా ఇరవై ఐదు పడవల్లో ఒక్కరూ ఇంజన్ తిప్పలేదు.